అన్నయ్య దిద్దుకున్న సంతకం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోన్ మోగితే మా ఆయన తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు. వంటమనిషి ఎత్తకూడదు, డ్రైవరు ఎత్తకూడదు, నేనసలే ఎత్తకూడదు. నా గొంతు వింటే అవతలివాళ్ళు మర్యాదకి కాసేపు ఆగుతారట, ఆ ఆగడంలో మంత్రిపదవి చేజారిపోతుందట. స్నానానికి వెళ్ళినా ఫోన్‌ని సబ్బుపెట్టె పక్కనే పెట్టుకునేవారు. ఒకసారి గ్యాస్ కంపెనీ వాళ్ళు చేస్తే, ఒంటినిండా నురగతో నిటారుగా నిలబడి "నమస్కారం సార్, చెప్పండి సార్" అన్నారు. సిలిండర్ రేపొస్తుందని చెప్పారట. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పారిపోయాను.

సంగతేమిటంటే, ప్రధానమంత్రి మారాడు. పాతాయన మీద సొంత పార్టీవాళ్ళే నమ్మకం లేదన్నారు. ఆయన టీవీలో ఒక కాగితం చదివి, కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొత్తాయనదీ మా పార్టీయే. ఎన్నికలు లేవు, ఊరేగింపులు లేవు, మంత్రివర్గం మాత్రం మొదటినుంచి కట్టాలి. పాత మంత్రులంతా రాజీనామాలిచ్చి ఇళ్ళల్లో కూర్చున్నారు. ఎన్నడూ మంత్రులు కానివాళ్ళంతా కొత్త కోట్లు కుట్టించుకున్నారు.

మా కుటుంబంలో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. మా అన్నయ్య పాత మంత్రి, ఓడరేవుల శాఖ చూసేవాడు. మా ఆయన పార్లమెంటు సభ్యుడే గాని మంత్రి కాలేదు. ఆయన్ని రాజకీయాల్లోకి తెచ్చిందే అన్నయ్య. పక్క నియోజకవర్గం ఖాళీ అయితే టికెట్ ఇప్పించి, తనే వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పి గెలిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు. వచ్చిన చిక్కల్లా రెండు నియోజకవర్గాలూ ఆనుకుని ఉండడమే. మా వైపుకి మంత్రివర్గంలో కుర్చీ ఒక్కటే దక్కుతుంది. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ అది అన్నయ్యదే. ఆ సంగతి మా ఆయన ఎప్పుడూ పైకి అనలేదు, ఎప్పుడూ మర్చిపోనూ లేదు.

కొత్తాయనకి ఒక అలవాటుంది. ఎవరికైనా పదవి ఇవ్వాలనుకుంటే వాళ్ళని పిలిచి మాట్లాడడు. ఆ పదవి వాళ్ళకి రాకపోతే ఇంకెవరికి వస్తుందో సరిగ్గా ఆ మనిషికి ఫోన్ చేసి, "ఆయన గురించి మీరేమంటారు?" అని అడుగుతాడు. పార్టీలో దీనికి 'పక్కింటి వాకబు' అని పేరు. ఇలా అడిగితే ఇద్దరి గురించీ తెలుస్తుందని ఆయన వాదన. చెప్పినవాడి గురించి తెలుసుకుని ఏం చేస్తాడన్నది అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఏమీ చెయ్యడు.

నేను ఒకటో తరగతి టీచర్ని. పార్లమెంటు సభ్యుడి భార్యవి, ఇంకా ఆ చీమిడి ముక్కులతో అవస్థ దేనికని అందరూ అంటారు. నాకు ఆ పనే ఇష్టం. చిన్న చిన్న వేళ్ళు పట్టుకుని దిద్దించీ దిద్దించీ నాకొక జబ్బు అంటుకుంది. మనుషుల్ని మాటల్ని బట్టి కాకుండా కలం పట్టుకునే తీరుని బట్టి చూస్తాను. మా ఆయన కలాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఒక కాగితం మీద సంతకం పెడితే కింది కాగితం మీద కూడా అచ్చు దిగుతుంది. అన్నయ్య అసలు పట్టుకున్నట్టే ఉండదు, వేళ్ళమధ్య ఊరికే ఆనించుకుంటాడు. గుండ్రటి సంతకం, చివర తోక ఒకటి పైకి లేస్తుంది. చిన్నప్పుడు నా పుస్తకాల అట్టలమీద నా పేరు తనే రాసిపెట్టేవాడు. నా చేతిరాత బాగుందని ఇవాళ ఎవరైనా అంటే అది తన చలవే.

పాత ప్రధాని దిగిపోయిన కొద్ది రోజులకి, ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి అన్నయ్య మా వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ముందు గేటు దగ్గర ఫొటోగ్రాఫర్లు కాపు కాస్తున్నారని వెనక గుమ్మంలోంచి వచ్చాడట. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది.

"చిట్టీ, ఖాళీయేనా?" అన్నాడు.

"నీకెప్పుడు ఖాళీ కాను? కాఫీ పెట్టనా?"

"సగం కప్పు చాలు. నిండా పోశావంటే నీ బల్లగుడ్డ ఖరాబవుతుంది."

అలా అని జేబులోంచి చెయ్యి తీసి బల్లమీద పెట్టాడు. చెయ్యి వణుకుతోంది. పెద్దగా కాదు. అయితే ఆగడం లేదు. పక్కనున్న చెంచా సాసరుకి తగిలి గలగలమంటుంటే చూస్తూ ఉండిపోయాను.

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. మందులిచ్చాడు. బుర్రకేం ఢోకా లేదట, పనికేం అడ్డం కాదట. రాసేటప్పుడే కాస్త ఎక్కువ. మీ వదినకి చెప్పలేదు. చెప్తే నన్ను మంచమెక్కించి కూర్చోబెడుతుంది."

"నాకెందుకు చెప్తున్నావు మరి?"

"నువ్వు పిల్లలకి దిద్దిస్తావుగా. నాకూ దిద్దించు." నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. "ప్రమాణం చేశాక అక్కడే పుస్తకంలో సంతకం పెట్టాలి. కెమెరాలన్నీ చేతిమీదకే వస్తాయి. ఆ ఒక్క సంతకం సరిగ్గా పెడితే చాలు. తర్వాత నా గదిలో నేనెన్ని వంకర్లు పోయినా అడిగేవాడు లేడు."

"పోనీ మానెయ్యకూడదా అన్నయ్యా? ఎన్నేళ్ళు చేస్తావు?"

అప్పుడు చెప్పాడు. చేపల రేవు దగ్గర అలలకి అడ్డంగా గోడ కడుతున్నారు. కట్టకముందు ప్రతి తుఫానుకీ పడవలు ఒకదానికొకటి కొట్టుకుని ముక్కలయ్యేవి. గోడ సగంలో ఉంది. కొత్తగా వచ్చినవాడు ముందు చేసే పని పాతవాడి పనులు ఆపించడం. "అది పూర్తయిన రోజున నేనే ఇంటికి పోతాను చిట్టీ. పూర్తి కానివ్వు" అన్నాడు, నేనేదో ఆపుతున్నట్టు.

సరేనని పిల్లల నాలుగు గీతల పుస్తకం తీశాను. లావుపాటి పెన్సిల్ ఇచ్చాను. మోచెయ్యి పూర్తిగా బల్లమీద ఆనించమన్నాను. ఊపిరి వదులుతూ రాయమన్నాను, బిగబట్టి రాయొద్దన్నాను. మొదటిరోజు సంతకం చీమ సిరాలో పడి పాకినట్టుంది. "టీచరమ్మా, బాగా రాస్తే నక్షత్రం పెడతావా?" అన్నాడు. బాగా రాస్తేనే పెడతాను, మంత్రులకి మినహాయింపు లేదు అన్నాను. రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. బల్లకి అటు తను, ఇటు నేను పిల్లల పుస్తకాలతో. ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో.

మా ఆయనకి నేను చెప్పలేదు. చెప్పకుండానే ఉండేదాన్ని. ఒక సాయంత్రం పార్టీ సమావేశం నుంచి ఒంటికాలిమీద లేస్తూ వచ్చారు.

"మీ అన్నయ్యకి కళ్ళు నెత్తికెక్కాయి. అందరిముందూ నేను చెయ్యి చాపితే జేబులోంచి చెయ్యి తియ్యలేదు. తలాడించాడంతే. ఇంకా మళ్ళీ మంత్రి అవలేదు, అప్పుడే ఇంత పొగరైతే ఎలా?"

"పొగరు కాదండీ. మీరలా అనుకోవద్దు."

"మరేంటి? నేనేం అంటరానివాడినా?"

అన్నయ్యని ఎవరైనా పొగరుబోతంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన అంటే మరీను. ఆ మంటలో చెప్పేశాను. చెయ్యి సంగతి, దిద్దడం సంగతి, వదినక్కూడా చెప్పని సంగతి, అన్నీ. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "అయ్యో, బావకా" అన్నారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళు దొంగవి కావు. ఆ మాట ఇవాళ్టికీ అంటాను. ఎవరితోనూ అనొద్దంటే, "ఆ మాట నాకు చెప్పాలా?" అన్నారు.

తర్వాత ఒక ఉదయం, నేను స్కూలుకి వెళ్ళేలోపు పుస్తకాలు దిద్దుకుంటుంటే ఆయన ఫోన్ మోగింది. తెరమీద నంబరు చూసి లేచి నిలబడ్డారు. అవతలివాళ్ళకి కనపడదని తెలిసి కూడా చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. గ్యాస్ కంపెనీ కాదని నాకు అర్థమైంది.

"చెప్పండి సార్... మీ దయ సార్..." కొంచెంసేపు విని, "మా బావ గురించా సార్?" అన్నారు. నావైపు చూశారు. నేను పెన్సిల్ కింద పెట్టాను.

"ఆయన గురించి నేనేం చెప్పను సార్. నన్ను ఈ దారిలోకి తెచ్చిందే ఆయన. నిజాయితీలో ఆయన తర్వాతే ఎవరైనా. పోర్టుల సంగతి ఆయనకి తెలిసినంత ఆఫీసర్లకి కూడా తెలీదు."

నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషిని తక్కువ అంచనా వేశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన అంత పెద్దమనసుతో మాట్లాడడం ఎప్పుడూ వినలేదు.

"కాకపోతే..." అన్నారు.

ఆ మాట తర్వాత ఏమొస్తుందో నాకు బాగా తెలుసు. పిల్లల తల్లిదండ్రులతో నేనూ అదే వాడతాను. మీవాడు చాలా చురుకైనవాడండీ, కాకపోతే. ముందు చెప్పిందంతా దానికోసమే చెబుతాం. ఆయన నావైపు వీపు తిప్పి కిటికీ దగ్గరికి నడిచారు.

"కాకపోతే, చెప్పాలంటేనే బాధగా ఉంది సార్. ఈ మధ్య ఆయనకి కుడిచెయ్యి వణుకుతోంది... ఆ, బాగానే సార్. సంతకం కూడా కుదరడం లేదు. మా ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా నాలుగు గీతల పుస్తకంలో దిద్దుకుంటున్నారు, పాపం. చూస్తే కడుపు తరుక్కుపోతుంది... లేదు సార్, ఎవరికీ తెలీదు. వాళ్ళావిడక్కూడా తెలీదు. మీరడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ దగ్గర దాచడం తప్పు కదా సార్."

నాలుగు గీతల పుస్తకం సంగతి చెప్పకపోయినా ఆయన పని జరిగేది. అది కూడా చెప్పారు.

ఫోన్ పెట్టేసి నీళ్ళు తాగారు. గ్లాసులోకే చూస్తూ తాగారు.

"ఏం చేశారు మీరు?" అన్నాను.

"అడిగాడు, చెప్పాను. అబద్ధం చెప్పానా?"

"నేను మీకు చెప్పాను. ఆయనకి చెప్పమనలేదు."

"చూడు, రేపు అంతమంది ముందు ఆ పుస్తకంలో పిచ్చిగీతలు గీస్తే బావ పరువేం కాను? టీవీలో అదే తిప్పి తిప్పి చూపిస్తారు. ఒకరకంగా నేనాయన్ని కాపాడాను."

"సరే, కాపాడారు. ఇప్పుడు మళ్ళీ ఫోన్ చెయ్యండి. ఆ పదవి నాక్కూడా వద్దనండి, ఇంకెవరికైనా ఇవ్వమనండి. అప్పుడు నమ్ముతాను."

ఆయన గ్లాసు కింద పెట్టారు. గుండీ తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆఖరికి నావైపు చూసి, "నువ్వు చెప్పకపోతే నాకెలా తెలిసేది?" అన్నారు.

నిజమే, చెప్పింది నేనే. స్కూలుకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పి, చెప్పులేసుకుని అన్నయ్య ఇంటికి బయల్దేరాను. ఫోన్లో చెప్పే విషయం కాదు. కొత్తాయన నోటివెంట వినేలోపు నా నోటివెంట వినాలి, అంతే అనుకున్నాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అన్నయ్యా, నావల్ల తప్పు జరిగింది. కాదు, మీ బావ ఒక పని చేశారు. కాదు, నావల్లే.

అన్నయ్య గేటు దగ్గర కూడా ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, "ఏ ఇంటికండీ కుర్చీ?" అని నవ్వారు. తల వంచుకుని లోపలికి వెళ్ళాను. వదిన హాల్లో నిలబడి కుర్చీ వీపుమీద రెండు టైలు పరిచి చూస్తోంది. "రా చిట్టీ, సమయానికొచ్చావు. నీలమా, ఎరుపా? మీ అన్నయ్యనడిగితే ఏదైనా ఉరితాడేగా అంటున్నాడు" అంది.

అన్నయ్య బల్లముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. వదిన చూడకుండా దగ్గరికి రమ్మని సైగ చేసి, పేపరు నావైపు జరిపాడు. పేపరు అంచుమీద సంతకం ఉంది. గుండ్రంగా ఉంది. తోక పైకి లేచింది. నేను చిన్నప్పుడు నా అట్టలమీద చూసిన చేతిరాతే.

"పెన్నుతోనే పెట్టాను" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వన్నట్టే, ఊపిరి వదులుతూ. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు పెట్టినా వస్తోంది. తియ్యి నీ ఎర్ర పెన్సిల్. నక్షత్రం పెట్టు."

ఎర్ర పెన్సిల్ నా సంచిలోనే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు నటించాను. అన్నయ్యా అని మొదలుపెట్టబోయాను. బల్లమీద తన ఫోన్ మోగింది.

"నమస్కారం సార్" అన్నాడు. కూర్చునే ఉన్నాడు, లేవలేదు. వదిన టైలు వదిలేసి చేతులు గుండెలమీద పెట్టుకుని నిలబడింది.

అన్నయ్య చాలాసేపు విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు. పేపరుని మెల్లగా బోర్లించాడు. సంతకం కిందివైపుకి పోయింది.

"అవును సార్. నిజమే" అన్నాడు. "లేదు సార్, మీరు విన్నదాంట్లో తప్పేం లేదు. దిద్దుకుంటున్న మాట కూడా నిజమే."

ఇప్పుడు బాగా వస్తోందని చెప్పు అన్నయ్యా అని నాలోపల అరుస్తున్నాను. తను చెప్పలేదు. నావైపు చూస్తాడేమోనని భయపడ్డాను, చూడలేదు. అప్పుడే కాదు, ఆ ఫోన్ పెట్టేదాకా ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత జాగ్రత్తపడుతున్నాడో నాకు తెలుస్తూనే ఉంది.

"మా బావ గురించా సార్?" అన్నాడు. ఆయనగారి వాకబు అయిపోలేదన్నమాట. "బాగా చేస్తాడు సార్. కష్టపడే మనిషి. జనంలో తిరుగుతాడు. వీలైతే శాఖ కూడా అదే ఇవ్వండి. చేపల రేవు గోడ సగంలో ఉంది, దాని సంగతి పక్కనుండి నేను చెప్తాను."

కాకపోతే అన్న మాట వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆ మాట వచ్చి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

ఫోన్ పెట్టేశాక వదిన, "ఏమన్నారు?" అంది.

"మనకి కాదు. చిట్టీ వాళ్ళింటికి."

"అదేంటి? నిజమే అన్నావు, ఏంటి నిజం?"

అన్నయ్య పేపరుమీంచి కుడిచెయ్యి తీసి గాల్లో పట్టుకుని చూపించాడు. అంతసేపూ అదిమిపెట్టి ఉంచాడేమో, బాగా వణికింది. వదిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయామెకి.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదా? మరి ఆయనకెవరు చెప్పారు?"

"నేనే చెప్పాను" అన్నాడు అన్నయ్య. "మొన్న పార్టీ ఆఫీసులో కలిసినప్పుడు. దాచి పదవి తీసుకోవడం బాగోదు కదా."

"కట్టుకున్నదానికి చెప్పవు గాని కనపడ్డవాడికల్లా చెప్తావు" అని వదిన కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి నావైపు తిరిగి నా భుజంమీద చెయ్యేసింది. "పోనీలే చిట్టీ. పరాయివాళ్ళకి పోలేదు. మీ ఆయన పాపం ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్నాడు. నాకు సంతోషంగానే ఉంది" అంది. మనస్ఫూర్తిగానే అంది.

నోరు తెరిస్తే సరిపోయేది. అన్నయ్య చెప్పలేదు వదినా, మా ఆయన చెప్పారు, మా ఆయనకి నేను చెప్పాను అంటే అయిపోయేది. అదే చెప్పడానికి కదా అంతదూరం వచ్చాను. తెరవలేదు. అన్నయ్య తన అబద్ధాన్ని దుప్పటిలా నామీద కప్పాడు, నేను దానికింద ముడుచుకుని పడుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చావకపోవడమే అందులో పెద్ద బాధ. కాఫీ ఇస్తే తాగాను కూడా.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఫొటోగ్రాఫర్లు కెమెరా కాళ్ళు మడుచుకుని వ్యాన్లో పెడుతున్నారు. "మీ ఇంటికేనండీ" అన్నారు. నన్ను కూడా ఎక్కమన్నారు. నడిచే వెళ్ళాను.

ప్రమాణస్వీకారం రోజున నేను రానన్నాను. తలనొప్పి అన్నాను. మా ఆయన బతిమాలారు, కసిరారు, మళ్ళీ బతిమాలారు. కొత్త మంత్రి పక్కన భార్య కనపడకపోతే జనం నానారకాలుగా అనుకుంటారట. అనుకోనివ్వండి అని తలుపేసుకున్నాను. అప్పుడు అన్నయ్య నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"చిట్టీ, రానన్నావట. రా. నువ్వు రాకపోతే మీ వదినకి అనుమానం వస్తుంది" అన్నాడు.

ఫోన్ పక్కన పెట్టాను. లేచి తల దువ్వుకున్నాను.

పెద్ద హాలు. ఎత్తయిన కిటికీలు, ఎర్ర తివాచీ, వేదికమీద పొడుగాటి బల్ల, దానిమీద ఆ పెద్ద పుస్తకం, పక్కన కలం. ముందు వరసలో కొత్త మంత్రుల కుటుంబాలు. పాత మంత్రులకి వెనకెక్కడో కుర్చీలు వేశారు. అన్నయ్య అక్కడ కూర్చోకుండా తిన్నగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కుర్చీలు చూపించే మనిషి ఏదో అనబోతే, "నేను కొత్త మంత్రిగారి బావని బాబూ, ఇది నా ఇంటివాళ్ళ వరసే" అన్నాడు. ఆ మనిషి నవ్వి వెళ్ళిపోయాడు. వదిన అటుపక్క కూర్చుని, దూరంగా కనపడ్డ మా ఆయనకి చెయ్యి ఊపింది. ఆయన తలాడించి, చూపు పక్కకి తిప్పుకున్నారు. పదవి ఖాయమైనప్పటినుంచి అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. ఫోన్లో ఆశీస్సులడిగారంతే.

హాలంతా ఒకటే కోలాహలం. వదిన పక్కావిడతో మాటల్లో పడింది. నేను అన్నయ్య చెవిదగ్గరికి వంగాను.

"అన్నయ్యా, ఆ మాట..."

"నాకు తెలీదా చిట్టీ? ఇంకెవరికి చెప్పాను?"

"ఎందుకు చెప్పావని అడగవా?"

"అడిగితే చెప్తావు. విని నేనేం చెయ్యను?" అన్నాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "కూర్చో. మొదలవుతోంది."

ఒక్కొక్కరే వెళ్తున్నారు, చదువుతున్నారు, వంగి సంతకం పెడుతున్నారు. పక్కగోడమీద పెద్ద తెరలో ఎవరి చెయ్యి ఎలా ఉందో హాలంతా చూస్తోంది. ఒకాయన కలం మూత తియ్యకుండానే రాయబోయాడు, అందరూ నవ్వారు. అన్నయ్య మాత్రం నవ్వలేదు. ప్రతి చేతినీ పరీక్ష చూస్తున్నట్టు చూస్తున్నాడు. తన కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఆ జేబు గుడ్డ కదులుతోంది.

మా ఆయన పేరు పిలిచారు. కొత్త కోటులో బాగున్నారు, కాదనను. గొంతు ఖంగుమంది. న్యాయంగా, నిర్భయంగా, రాగద్వేషాలకి అతీతంగా నడుచుకుంటానని ఒక్క అక్షరం తడబడకుండా చదివారు. పుస్తకం దగ్గరికి వెళ్ళారు. తెరమీద ఆయన చెయ్యి వచ్చింది. నాకు తెలిసిన చెయ్యే. ప్రాణం పెట్టి చూశాను. ఒక్కసారి ఆగుతుందేమో, కాస్త తడుముకుంటుందేమో, ముందు వరసలో ఎవరు కూర్చున్నారో ఆ చేతికి గుర్తొస్తుందేమో అని చూశాను. కలం పీక బిగించి పట్టుకుని, కింది కాగితంమీద కూడా అచ్చు దిగేలా, ఒక్క ఊపులో సంతకం పెట్టేశారు.

"చూశావా" అన్నాడు అన్నయ్య. దిద్దించే పంతులు పక్కపిల్లాణ్ణి మెచ్చుకున్నట్టే అన్నాడు. "చెయ్యి అస్సలు వణకలేదు."

"లేదన్నయ్యా" అన్నాను.

చప్పట్లు మొదలయ్యాయి. అన్నయ్య జేబులోంచి చెయ్యి తీసి తనూ కొట్టాడు. ఒక చెయ్యి రెండోదానికి సరిగ్గా తగలక చప్పుడు రాలేదు, అయినా ఆపలేదు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గోడమీద తెర మారింది. ముందు వరస కనపడింది, అందులో నేను, నా పక్కన అన్నయ్య చేతులు.

"చప్పట్లు కొట్టు చిట్టీ" అన్నాడు అన్నయ్య, పెదవులు కదలనివ్వకుండా. "కెమెరా మనవైపే ఉంది. నీవైపు చూస్తే నా చేతులు చూడరు."

కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను.